హేమ్లి ఏడవని పెళ్లి

అవార్డు వచ్చిన సంగతి సోనికి తమ్ముడు చెప్పలేదు. పక్క క్వార్టర్ శ్రీదేవి చెప్పింది. పాల్వంచ కంపెనీ కాలనీలో ఏ కబురైనా ముందు శ్రీదేవి నోట్లో నానిన తర్వాతే నలుగురికీ చేరుతుంది. కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ ఆమె. మనసు మంచిదే, నోటికే తలుపుల్లేవు.

“సోనక్కా, జల్దీ రా! మీ సంతోష్ ఫోటో పేపర్ల పడ్డది. సినిమాకు పెద్ద అవార్డంట.”

సోని చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా వెళ్లి చూసింది. గడ్డం పెంచుకొని, మెడలో కండువాతో తమ్ముడు నవ్వుతున్నాడు. పక్కన సినిమా పేరు, ‘ఎర్రమట్టి కాళ్లు’. ఒక తండా పిల్లవాడు ఎదిగి మనిషైన కథ అట. ఇంత నిజాయితీ గల సినిమా తెలుగులో ఈమధ్య రాలేదట. దర్శకుడు ఏ మెరుగులూ దిద్దకుండా తన బాల్యాన్నే తెర మీద పరిచాడట. సోనికి గర్వం వచ్చింది. అబద్ధమెందుకు, గుండె నిండా వచ్చింది. ఏన్కూరు అవతల అడవి అంచు తండాలో పుట్టినవాడి ఫోటో పేపర్లో పడాలంటే అంతకుముందు వాడు ఏ కేసులోనో ఇరుక్కోవాలి, లేదా లారీ కింద పడాలి.

శ్రీదేవి అంతటితో ఊరుకుంటే ఆ పూట బాగానే గడిచేది. “నేను మొన్ననే చూసినక్కా. మస్తు ఏడ్చిన. ఏమనుకోకు గానీ, మీ అమ్మ నిజంగనే గట్లుండెనా?”

“సినిమా సినిమానే గదా శ్రీదేవీ” అని సోని నవ్వేసింది. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని, అంగన్‌వాడీలో పిల్లలకు గుగ్గిళ్లు పెడుతున్నంతసేపూ తనను తానే తిట్టుకుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. తమ్ముడు తీసినందుకు కాదు, శ్రీదేవి అడిగినందుకు సోనికి ఆ రోజంతా కడుపులో మంట.

సోని గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. అలాంటి వాళ్ల మీద ఎవరూ సినిమాలు తీయరు. లాలుకీ హేమ్లికీ పెద్దబిడ్డ. ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత తండ్రి మగపెళ్లివారు ఇచ్చే ఎడ్ల జత చూసుకొని పెళ్లి కుదిర్చాడు. పెళ్లికొడుకు కోటేష్ అప్పుడు కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే కూలీ. మనిషి నెమ్మదస్తుడు, చెయ్యెత్తి ఎరగడు. అతని ఉద్యోగం పర్మనెంటు అయ్యేలోపు సోని బిడ్డను చంకనేసుకొని ప్రైవేటుగా పదో తరగతి కట్టింది, ఒకసారి తప్పింది, మళ్లీ కట్టింది, గట్టెక్కింది. అంగన్‌వాడీ టీచరైంది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, అడవి ఊళ్ల నుంచి పిల్లలను తెచ్చే తల్లులతో నాలుగు కోయ ముక్కలు. బిడ్డ సరళ డిగ్రీ చదువుతోంది. ఇదే సోని.

తమ్ముడు సంతోష్ ఆమె కంటే చాలా చిన్న. వాడిని నేల మీద నడిపించిన దానికంటే ఆమె నడుము మీద మోసిందే ఎక్కువ. హేమ్లి వాడిని ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేసింది. వాడు పారిపోయి వచ్చిన ప్రతిసారీ కట్టె పట్టుకొని వాగు దాటేదాకా తరిమింది. ఆ తరమడమే లేకపోతే ఇవాళ అవార్డు లేదు, సినిమా లేదు. సంతోష్ ఆ కట్టెను సినిమాలో పెట్టాడు. తరిమిన తర్వాత వాగు ఒడ్డున కూర్చొని వాడు కనిపించినంత మేరా చూస్తుండిపోయే తల్లిని మాత్రం పెట్టలేదు. పరిగెత్తేవాడు వెనక్కి తిరిగి చూడడు కదా, వాడికెలా తెలుస్తుంది?

శ్రీదేవి కంటే చాలా ముందే సోని ఆ సినిమా చూసింది. వేసవిలో విడుదలైన వారమే భర్తనూ బిడ్డనూ వెంటబెట్టుకొని ఖమ్మం వెళ్లింది. సగం దాకా తాను టాకీసులో ఉన్నానన్న సంగతే మరిచిపోయింది. తెల్లారకముందే ఇప్పపూలు ఏరడం, మేకలు గొంతు విప్పడం, పలక తడవకుండా నెత్తి మీద పెట్టుకొని పిల్లవాడు వాగు దాటడం. ఆ వాగు దాటే చోట సోని ఏడ్చింది. మగమనిషి కాబట్టి కోటేష్ ముక్కు చీది ఊరుకున్నాడు. పొగిడినవాళ్లది తప్పుకాదు. తమ్ముడు గొప్పవాడే.

తర్వాత పెళ్లి వచ్చింది. సినిమాలో తండ్రి పిల్లనగ్రోవి ఊదుకునే సాధువు. పెళ్లి బేరమంతా తల్లిదే. సారా పోసేది ఆమె, ఎడ్ల పళ్లు పట్టి చూసేది ఆమె. లాలు బతికి ఉంటే ఆ పిల్లనగ్రోవి చూసి తనే నవ్వేవాడు. పెళ్లికూతురు ఎద్దు మీద నిలబడి చేతులెత్తి పాడింది. దిగి ఒక్కొక్కరి మెడా పట్టుకొని ఢావ్లో ఎత్తుకుంది. ఢావ్లో అంటే లంబాడీ పెళ్లికూతురు అత్తారింటికి పోయేముందు ఏడుస్తూ పాడే పాట. పాటే ఏడుపు, ఏడుపే పాట. ఎవరి మెడ పట్టుకుంటే వాళ్లూ అందుకొని ఏడవాలి. తెర మీద పిన్ని ఏడ్చింది, తండ్రి ఏడ్చాడు, ముసలవ్వలు ఏడ్చారు. తల్లి దగ్గరికొచ్చేసరికి ఆమె కట్టెలా నిలబడింది. కంట్లో చుక్క లేదు. కెమెరా ఆ పొడి కళ్ల మీదే ఆగిపోయింది. ఆ కళ్లను కింద నుంచి చూస్తున్న పిల్లవాడి ముఖం మారింది. వాడి చిన్నతనం అక్కడితో అయిపోయిందని చూసేవాళ్లందరికీ అర్థమైంది. ఆ వెంటనే, బిడ్డ బండి కనుమరుగు కాకముందే, తల్లి వియ్యాలవారితో కూర్చొని సారా తాగుతూ పగలబడి నవ్వింది.

ఆ తల్లి మెడ పట్టుకున్న పెళ్లికూతురు సోనియే. ఆ కళ్లు పొడిగా ఉన్న మాట నిజమే. అక్కడిదాకా తమ్ముడు కళ్లతో చూసిందే తీశాడు.

వాడికి తెలియనిది ఒకటుంది. ఆ పెళ్లికి ముందటి చలికాలంలో హేమ్లికి ఒక ఆడపిల్ల పుట్టింది. సంతోష్ అప్పుడు హాస్టల్లో ఉన్నాడు. పేరు పెట్టే దినం రాకముందే జ్వరంతో పిల్ల పోయింది. పేరు పెట్టని బిడ్డ పోతే ఆ తండాలో ఇక దాని ఊసెత్తరు. మొగవాళ్లు ఎత్తరు, తోబుట్టువులు ఎత్తరు. అది తల్లిది. తల్లి కడుపులోనే మళ్లీ దాచుకోవాలి. ఇంకో కట్టడి కూడా ఉంది. పసిబిడ్డను మట్టిలో పెట్టి ఏడాది తిరగని తల్లి పెళ్లిలో ఏడవకూడదు. ఆమె కన్నీళ్లు పోయిన బిడ్డవి. వాటిని పెళ్లికూతురి మీద వదిలితే ఆ పిల్ల ఒడి నిండదని పెద్ద ఆడవాళ్ల మాట.

అందుకని హేమ్లి ఏడవలేదు. సోని తల్లిని వాటేసుకున్నప్పుడు ఆ ఒళ్లు జ్వరం వచ్చినట్టు వణికింది. ముసుగు కొంగు పళ్ల మధ్య కరకరమంది. వీపు మీద దిగిన తల్లి గోళ్ల గాట్లు అత్తారింటికి వెళ్లాక కూడా కొన్నాళ్లు మండాయి. పిల్లవాడు నిలబడ్డచోటికి గోళ్లు కనపడవు, పళ్లు కనపడవు. కళ్లే కనపడతాయి. ఇక సారా తాగి నవ్వడమంటారా, ఆ రాత్రంతా హేమ్లి మేకల దొడ్లో ముడుచుకొని పడుకుందని పిన్ని మంగ్లి తర్వాత సోనికి చెప్పింది. ఆ నవ్వు తమ్ముడు ఎక్కడి నుంచి తెచ్చాడో వాడికే తెలియాలి.

ఖమ్మం నుంచి తిరిగొచ్చే బస్సులో సరళ అడిగింది. “అమ్మా, అమ్మమ్మ నిన్ను ఎడ్ల కోసం ఇచ్చిందా?”

“అమ్మమ్మ కాదే. తాత.”

“మరి మామ గట్లెందుకు తీసిండు?”

కారణం చెబితే పేరులేని పిల్ల ఊసెత్తాలి. చెప్పకపోతే తల్లి దోషి. “ఊకె తీసిండు” అంది. సరళ కిటికీ వైపు తిరిగింది. ఏటేటా తీజ్ పండుగకు బుట్టలో గోధుమ మొలకలు పోయడానికి అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తే పిల్ల, ఆ ఏడు పరీక్షలున్నాయంది. పరీక్షలు లేవని సోనికి తెలుసు. హేమ్లి మాత్రం మనవరాలి బుట్ట కూడా తనే తడిపి పెట్టిందట, వస్తుందేమోనని.

కోటేష్‌కు చెబితే అతను తాపీగా అన్నాడు. “సినిమా బాగుందా లేదా అన్నది ఒక ముచ్చట. మీ అమ్మ మంచిదా కాదా అన్నది ఇంకో ముచ్చట. రెండు కలిపి కొట్లాడకు.”

“కలిపింది నేనా? పేపర్ల నిజం కథ నిజం కథ అని రాస్తున్నోళ్లు కలిపిన్రు.”

అవార్డు వచ్చాక పాల్వంచలో సన్మానం తలపెట్టారు. పొద్దుటి పూట టాకీసు మాట్లాడి ముందు సినిమా వేసి, తర్వాత సభ. దానికి పెద్ద వీరేందర్. కొత్తగూడెంలో లెక్చరరు, జిల్లా పేపర్లో సినిమాల మీద రాస్తాడు, ఆయన రాసింది చదివి సినిమాకు వెళ్లేవాళ్లు నిజంగానే కొందరున్నారు. దర్శకుడి అక్కను పిలవడానికి ఇంటికొచ్చి, చాయ్ తాగుతూ ఉన్నట్టుండి కళ్లు మూసుకున్నాడు.

“ఆ ఒక్క షాట్‌కే అవార్డు ఇయ్యొచ్చు మేడమ్. తల్లంటే ఏడ్వాలె అనేది మనకో అలవాటు. సంతోష్ ఆ అలవాటును పగలగొట్టిండు.”

“ఆమె ఎందుకు ఏడ్వలేదో చెప్పిండా సార్?”

“చెప్పకపోవుడే గొప్ప.”

“చెప్పకపోతే మీరేమనుకున్నరు?”

“పేదరికం మనిషిని రాయి చేస్తదని.”

“అంటే చెప్పినట్టే గద సార్.”

వీరేందర్ తెలివిగలవాడు, మొండివాడు కాదు. కప్పు కింద పెట్టాడు. “సినిమా అంటే ఒక్కని కన్ను మేడమ్. వాడు చూసిందే మనకు చూపెడ్తడు. చూడనిదాన్ని వాడెట్ల తీస్తడు? సరే, మీరు చెప్పుండ్రి. సినిమా బాగలేదంటరా?”

ఇదే సోనిని రాత్రింబగళ్లు తినేస్తున్న ప్రశ్న. బాగాలేదని ఒక్క మాట అనగలిగితే ఎంత తేలికయ్యేది! “బాగుంది సార్. అదే నా బాధ. బాగలేకపోతే ఎవడు నమ్మేటోడు?” అంది, కళ్లు తుడుచుకుంటూ. ఆదివారం పేపర్లో వచ్చింది, ‘తమ్ముడి సినిమా బాగుందంటూ కన్నీళ్లు తుడుచుకున్న అక్క’ అని.

సభకు ముందురోజు సాయంత్రం సంతోష్ వచ్చాడు. ఎవరిదో కారు దిగి, చెప్పులు గుమ్మం దగ్గర విసిరేసి, చిన్నప్పటిలాగే వంటింట్లో పీట వేసుకొని కూర్చున్నాడు. జొన్నరొట్టె, ఎండుమిరపకాయల కారం. “అక్కా, హైదరాబాద్‌ల గిది దొరకదే” అంటూ తిన్నాడు. ఆ తినడం చూస్తే సోనికి కోపం నిలవలేదు. వాడి మీద కోపం ఆమెకు ఏనాడూ నిలవలేదు, అదే వాడి అదృష్టం.

వాడు చెయ్యి కడుక్కున్నాక చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలుసు. వీడూ ఆ కడుపులోంచి వచ్చినవాడే కదా, వీడికి చెబితే బయటికి చెప్పినట్టు కాదు కదా అని సమాధానపరచుకొని చెప్పింది. పిల్ల పుట్టడం, పోవడం, కట్టడి, పళ్ల మధ్య కొంగు, వీపు మీద గోళ్లు.

సంతోష్ కడిగిన చెయ్యి తుడుచుకోకుండానే విన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు నిజమైనవే, సోని ఒట్టేసి చెప్పగలదు. తర్వాత తల ఎత్తాడు.

“అక్కా, గీ సంగతి నేను స్క్రిప్ట్ రాసేటప్పుడు చెప్పుంటివి...”

“చెప్తే?”

“సినిమా ఇంకో లెవెల్‌కు పోతుండెనే.”

అమ్మ ఎట్లా భరించిందని అడుగుతాడనుకుంది సోని. ఆ పిల్లను ఎక్కడ పెట్టారని అడుగుతాడనుకుంది. ఏ మాటకామాటే, అక్కడే ఆమె లేచి వెళ్లిపోవాల్సింది. కానీ సరళ పక్క గదిలో ఉంది. అమ్మమ్మ పేరెత్తితే ముఖం తిప్పుకునే సరళ.

“నాకు లెవెల్ వద్దురా. రేపు తండా మొత్తం వస్తది. మనల కన్న యాడి వస్తది. మైకుల ఒక్క ముక్క చెప్పు. సినిమాల తల్లి మా అమ్మ కాదు, మా అమ్మ గట్ల కాదు అను. గంతే. ఎందుకు ఏమిటి చెప్పకు. పిల్ల ఊసు రావద్దు. తెల్సింది గదా?”

“గంతేనా? చెప్త తియ్యి అక్కా. మా అమ్మే గద.”

మర్నాడు తండా వాళ్లు డీసీఎం వ్యాను కట్టించుకొని వచ్చారు. హేమ్లి అద్దాల రవిక వేసుకొని, మోచేతుల పైదాకా తెల్ల గాజులతో, పెట్టెలోంచి తీసిన పాత ముసుగు కప్పుకొని దిగింది. కొడుకు కాళ్లకు దండం పెట్టాడు. ఫోటోలు తీశారు. ఆమె సినిమా చూడలేదు. ఖమ్మంలో చూసిన కుర్రవాళ్లు తండాకు వచ్చి నోరు మూసుకున్నారు. కొడుకు తీసిన ఆటలో తాను ఎలా ఉందో తెలియని ఒకే ఒక్క మనిషి ఆ రోజు ఆ హాల్లో హేమ్లియే.

ఆమెకు అటు మంగ్లి, ఇటు సోని కూర్చున్నారు. వెనక వరుసలో సరళ తన స్నేహితులతో కూర్చుంది. వచ్చి అమ్మమ్మను పలకరించలేదు.

సినిమా మొదలైంది. హేమ్లి చిన్నపిల్లలా సంబరపడింది. మేకను చూసి నవ్వింది, వాగును చూసి “మన వాగే!” అని మంగ్లిని పొడిచింది. తెర మీద తల్లి సారా కాస్తుంటే సోని వైపు వంగింది.

“గీమె ఎవరు? నేనా?”

“నీ లెక్క ఒకామె.”

“కాసేది చూస్తే నేనే” అని ముసుగులో నవ్వుకుంది. సారా కాశానని చూపించినందుకు ఆమెకు ఏ చిన్నతనమూ లేదు. కాసింది కాబట్టి చూపించాడు. కట్టె పట్టుకొని తరిమితే “అవ్, తరిమిన” అని గర్వంగా తలూపింది. తల్లి ఇట్లా ఉంటే తానెందుకు ఇన్నాళ్లు కుమిలిపోయానా అని సోనికి ఒక ఘడియ అనిపించింది.

ఢావ్లో మొదలైంది. హాలంతా సద్దుమణిగింది. తెర మీద బిడ్డ తల్లి మెడ పట్టుకుంది. పొడి కళ్లు. కెమెరా ఆగింది. వీరేందర్ మెచ్చుకున్న షాట్, పేపర్లు మెచ్చుకున్న షాట్. సోని తల తిప్పి తల్లిని చూసింది. హేమ్లి చెయ్యి వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది. తమ భాషలో, చెవిలో, మెల్లగా అంది.

“పాపం, గీమెకు గూడ బిడ్డ పోయినట్టుంది.”

అంతమంది చదువుకున్నవాళ్లు చూసి రాయి అన్న ముఖంలో హేమ్లి బిడ్డ పోయిన తల్లిని చూసింది. సోని తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. దేవుడా, ఈ సినిమా ఇక్కడే ఆగిపోతే బాగుండు, కరెంటు పోతే బాగుండు, ఎన్ని అవార్డులైనా ఇచ్చుకోనీ అనుకుంది.

కరెంటు పోలేదు. తల్లి వియ్యాలవారి మధ్య కూర్చొని తాగింది, తల వెనక్కి వేసి నవ్వింది. హేమ్లి చూస్తూ ఉంది. చెయ్యి పట్టు మెల్లగా వదులైంది.

“లేదు” అంది కాసేపటికి. “గీమెకు ఎవ్వరు పోలేదు.”

ఆ తర్వాత ఆమె మేకను చూసి నవ్వలేదు, వాగును గుర్తుపట్టలేదు. దీపాలు వెలిగాక చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను దొంగచూపులు చూస్తుంటే ముసుగు కాస్త ముందుకు లాక్కుంది.

“యాడీ, కోపమొచ్చిందా?” అంది సోని.

“కోపమెందుకు? పోరడు వానికి కనబడ్డది తీసిండు. వానికేం తెల్సు?” హేమ్లి వేదిక వైపు చూసింది, అక్కడ కొడుకు మెడ నిండా దండలు పడుతున్నాయి. “నన్ను తిట్టుకుంటనే పెద్దోడైండంటే కానీయ్. కన్నదాన్ని, గా మాత్రం పడ్త.”

అప్పుడైనా సోని లేచి వేదిక దగ్గరికి వెళ్లి, ఏమీ చెప్పొద్దురా, అమ్మే పడతానంటోంది అని వాడి చెవిలో వేసి ఉండొచ్చు. వెళ్లలేదు. తల్లి పడతానంది గానీ తాను పడలేదు. వెనక వరుసలో బిడ్డ ఉంది. బిడ్డ వినాలి.

శాలువాలు అయ్యాయి, ఉపన్యాసాలు అయ్యాయి. సంతోష్ మైకు పట్టుకున్నాడు. “ఇది నా కథే. కానీ ఒక మాట చెప్పాలె. ఈ సినిమాల తల్లి మా అమ్మ కాదు. మా అమ్మ గట్ల కాదు.”

సోని గుండె తేలికపడింది. వెనక సరళ కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు వినిపించింది. చాలురా తమ్ముడా, చాలు. ఇక దిగు.

జనం నిశ్శబ్దంగా ఉన్నారు. ఆ నిశ్శబ్దం వాడికి సారా కంటే ఎక్కువ ఎక్కుతుందని సోనికి అప్పుడే తెలిసింది. వాడు మైకు దగ్గరికి ఇంకొంచెం జరిగాడు.

“మా అమ్మ ఎందుకు ఏడ్వలేదో నిన్నటిదాకా నాకు గూడ తెల్వదు. ఆ ఏడు మా ఇంట్ల ఒక ఆడపిల్ల పుట్టింది...”

చెప్పాడు. అంతా చెప్పాడు. జ్వరం, మట్టి, కట్టడి, పళ్ల మధ్య కొంగు, గోళ్లు. చక్కగా చెప్పాడు, పాడుమాట ఒక్కటి లేదు. ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికింది. శ్రీదేవి కొంగు నోట్లో కుక్కుకొని వెక్కింది. “ఇప్పుడర్థమైంది, ఆ షాట్ ఎంత గొప్పదో!” అని వీరేందర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ పక్కవాడితో అన్నాడు.

“మా చెల్లెకు పేరు గూడ పెట్టలే” అన్నాడు సంతోష్. “ఇయ్యాల మీ అందరి ముందట నేను పెడ్తున్న. వెన్నెల. నా తర్వాతి సినిమా పేరు గూడ గదే.”

హాలు లేచి నిలబడింది. చప్పట్లకు రేకులు అదిరాయి. తండా ఆడవాళ్లు మాత్రం కూర్చున్నచోటే ఉన్నారు. మంగ్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

సరళ వెనక నుంచి పరిగెత్తుకొచ్చి హేమ్లి మెడ చుట్టూ చేతులు వేసింది. “అమ్మమ్మా, నాకు తెల్వదే అమ్మమ్మా” అని బిగ్గరగా ఏడ్చింది. ఎన్ని నెలల నుంచో సోని కోరుకున్నది అదే. కళ్ల ముందే జరుగుతోంది. హేమ్లి చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు. మనవరాలి నెత్తి మీదుగా ఆమె సోనినే చూస్తోంది.

“వానికి ఎవరు చెప్పిన్రు?”

ఆ సంగతి సంతోష్ దాకా మోయగలిగినవాళ్లు మంగ్లి, సోని ఇద్దరే. అబద్ధమాడితే మంగ్లి మీదికి పోతుంది.

“నేనే, యాడీ. నీ పేరు నిలబడాలని...”

“నా పేరు నిలబెట్టమని నిన్ను అడిగిన్నా?” హేమ్లి గొంతు పెంచలేదు. “అందరి బిడ్డలను అందరికిచ్చిన. నిన్ను వాళ్లకిచ్చిన, వాణ్ని గీళ్లకిచ్చిన. గదొక్కటి నాది ఉండె.”

సరళ చేతులను మెల్లగా విడిపించి లేచింది. వేదిక మీద నుంచి అమ్మగారు పైకి రావాలి, శాలువా కప్పాలి అని పిలుస్తున్నారు. దారిలో జనం పక్కకు జరిగి దండాలు పెడుతున్నారు. హేమ్లి ఎవరినీ చూడకుండా మంగ్లి భుజం పట్టుకొని బయటికి నడిచి వ్యాను ఎక్కింది.

సోని వెనకే పరిగెత్తింది. వ్యాను పక్కన నిలబడి, “యాడీ, నేనూ వస్త, తండాకు వస్త” అంటూ కడ్డీ పట్టుకొని కాలు పైకి పెట్టబోయింది. హేమ్లి పైనుంచి వంగి ఆమె వేళ్లను కడ్డీ మీద నుంచి ఒక్కొక్కటే తీసేసింది.

“పో బిడ్డా” అంది. “లోపల మీ తమ్ముడు మాట్లాడుతుండు. పోయి విను.”